పదహారు గళ్ళలో చెరిగిన ముద్ర

ఉదయం తొమ్మిది ఇరవైకి ఫోన్ మోగింది. చీఫ్ పొడిపొడిగా చెప్పాడు. సరిహద్దు అవతల మన ఏజెంటును ఒకణ్ణి నిన్న కాల్చేశారు. ఇక మిగిలింది ఏడుగురు. సరిగ్గా పదింటికి మన స్టేషన్ నుంచి సిగ్నల్ వెళ్తుంది. అది అందగానే ఏడుగురూ కొత్త రేడియోలు ఆన్ చేస్తారు.

"ఆ రేడియోల్లోని నీ కోడ్ మీద నాకు అనుమానం లేదు. అయినా ఇంకోసారి చూడు."

ఆ కోడ్ రాసినతన్ని ఆఫీసులో అందరూ పిసినారి అంటారు. ఏజెంట్ల కొత్త రేడియో చొక్కా గుండీ అంతే ఉంటుంది. లోపలి చిప్‌కు మెమరీ రెండువేల నలభై ఎనిమిది బైట్లే, అంటే అన్ని గళ్ళే. పెద్ద మెషిన్లలో సైఫర్లు, అంటే సందేశాన్ని రహస్య లిపిలోకి మార్చే ప్రోగ్రాములు, లెక్కలన్నీ ముందే చేసుకుని పట్టికలు పరుచుకుని కూర్చుంటాయి. ఇక్కడ అంత చోటెక్కడిది? పట్టికలన్నీ పీకేసి, ఏ అంకె కావాలంటే అది అప్పటికప్పుడు లెక్కగట్టేలా రాశాడు.

ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో అతన్ని పలకరించిన మనిషి ఒక్కతే, అతని కోడ్‌ను పరీక్షించే ఎదురు టేబుల్ టెస్టర్. నల్ల కోటు, ఎర్ర స్కార్ఫు. ఆమె నడిచొస్తుంటే మగవాళ్ళ చేతుల్లోంచి ఫైళ్ళు జారేవి. రోజూ రెండు కప్పుల టీ తెచ్చేది. కాలిపోయిన ఫ్యూజులు కూడా సొరుగులో దాస్తారేమిటండీ అని ఏడిపించేది. ఆ మాట కోసం అతను ముందే వచ్చి కూర్చునేవాడు.

అతనికో అలవాటుంది. అది ఆమెకు కూడా చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ధాన్యం రాశి మీద అరచెయ్యి అద్ది వచ్చేవాడు. ఎవడైనా గింజలు తీస్తే ముద్ర చెదిరేది. అతనూ అంతే, చిప్‌లో మిగిలిన ఖాళీ బైట్లన్నిటినీ ఒకే గుర్తుతో నింపి పెడతాడు. కోడ్ ఎక్కడ చెయ్యి పెట్టినా అక్కడ గుర్తు చెరుగుతుంది.

చీఫ్ ఫోన్ పెట్టేశాక, టెస్టర్ ఓకే చేసిన చిప్ తీసి నడిపించి చూశాడు. తన కోడ్‌కు పనిలేని ఒక మూల పదహారు బైట్లు చెరిగి ఉన్నాయి. సందేశాలను విప్పే సీక్రెట్ కీ పొడవు కూడా పదహారే. కీని నకలు తీసి అక్కడ దాచి, మొదటి సందేశంతోనే బయటికి పంపే ఏర్పాటు. రేడియో ఆన్ చేస్తే ఏడుగురూ శత్రువుల చేతిలో పడ్డట్టే. అతని తర్వాత ఆ కోడ్ ముట్టుకున్నది ఒక్కతే.

వెంటనే చీఫ్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ దానంతటదే వెళ్ళిపోతుందని, తను వచ్చేసరికి పది దాటుతుందని, ఎలాగైనా ఆపమని చీఫ్ అన్నాడు. పిసినారి పక్కగదికి వెళ్ళి ట్రాన్స్‌మిటర్ ఫ్యూజు పీకి బూటులో దాచుకున్నాడు.

తొమ్మిది యాభై ఏడుకు ఆమె వచ్చింది. కప్పులు టేబుల్ మీద పెడుతూ, పక్కగదిలో ట్రాన్స్‌మిటర్ ఎర్ర దీపం ఆరి ఉండటం చూసింది. జేబులోంచి పెన్ను తీసి అతని గుండెకు గురిపెట్టింది. అది రాసే పెన్ను కాదు.

"ఫ్యూజు ఇవ్వండి."

"రోజూ నాతో మాట్లాడింది ఇందుకేనా?"

ఆమె ఒకసారి టీ కప్పుల వంక చూసింది.

"మొదట్లో ఇందుకే. ఇచ్చేయండి. మిమ్మల్ని కాల్చాలని లేదు నాకు."

అతను సొరుగు తెరిచి ఒక ఫ్యూజు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పరుగున వెళ్ళి బిగించింది. దీపం వెలగలేదు. తీసి, ఊది, మళ్ళీ బిగించింది. గోడ గడియారం పది కొట్టింది.

తిరిగొచ్చి సొరుగు వంక చూసి చిన్నగా నవ్వింది.

"కాలినవి. నేనే కదా ఏడిపించాను."

మెట్ల మీద చీఫ్ మనుషుల బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె పెన్ను టేబుల్ మీద పెట్టేసింది. తీసుకెళ్తుంటే వెనక్కి తిరగలేదు.

ఏడుగురూ క్షేమమన్నాడు చీఫ్. సెలవు పెట్టి ఎవరితోనైనా ఎటైనా వెళ్ళిరమ్మన్నాడు. ఎవరితో అని పిసినారి అడగలేదు.

గది ఖాళీ అయ్యాక కాలిన ఫ్యూజును తిరిగి సొరుగులో పెట్టాడు. తన టీ తాగాడు. ఆమె కప్పు అలాగే నిండుగా ఉంది. పారబొయ్యడం దేనికని అదీ తాగేశాడు.