లెక్కలో వేయని నడక

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మాట. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురు ప్రశ్న వేయడం ఒంటిమిట్ట దగ్గరి ఆ పల్లెలో అదే మొదలు. నాగలక్ష్మి లెక్కల పంతులమ్మ మరి. తప్పు లెక్క చెవిన పడితే నోరు ఊరుకోదు.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. పొద్దున బండి కడితే పొద్దుగూకేలోగా చేరలేని ఊరికి పిల్లనివ్వరు. బిడ్డకు కష్టమొచ్చిందని కబురందితే తండ్రి ఆ రోజే ఆమె గడపలో ఉండాలి. పిల్లను చూడవచ్చిన ఓబులేసుదేమో నందికొట్కూరు. ఉద్యోగం ఢిల్లీలో, విమానాల మెకానిక్కు. కాపురం కూడా అక్కడే.

"ఢిల్లీనా?" నాగలక్ష్మి తండ్రి సోమన్న తల అడ్డంగా ఊపాడు. "శానా దూరమప్పా."

"యాడి దూరం మామా! మద్రాసు నుంచి పదకొండు వందల మైళ్ళు. విమానంలో ఎనిమిది గంటలు. పొద్దున ఎక్కితే మధ్యాన్నానికి దిగుతావు. మీ బండి కన్నా బిరీన!"

సోమన్న మెత్తబడ్డాడు. సరిగ్గా అప్పుడే నాగలక్ష్మి తలెత్తింది.

"మా నాయన విమానమెక్కేది ఈడ కాదు గదా, మద్రాసులో. ఆడికి పోయేదానికి ఎంతసేపు?"

ఓబులేసు వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు. పాపం, ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకే లెక్క వేసుకొచ్చాడు. మద్రాసు చేరేసరికే పొద్దుగూకుతుందని సోమన్న సంబంధం వద్దనేశాడు.

నాగలక్ష్మి నాలుక కరుచుకుంది. అతడు ఆమెకు నచ్చాడు. నచ్చినవాణ్ణి తన నోటితోనే పోగొట్టుకున్నానని వారం రోజులు అన్నం సరిగా తినలేదు. వెళ్తూ వెళ్తూ అతడు తన వైపు చూసి, "జవాబు తెచ్చిస్తా" అన్న మాట ఒక్కటే పట్టుకుని కూర్చుంది.

నెల తర్వాత ఒక పొద్దున, ఎండిన నేల మీద తొలివాన. బడికి బయల్దేరుతూ ఆమె గొడుగు తెరిచేసరికి, వాకిట్లో నిలువునా తడిసి ఓబులేసు!

"నిన్న పొద్దున ఢిల్లీలో ఎక్కినా మామా. విమానం ఎనిమిది గంటలు. మద్రాసులో రైలు స్టేషనుకు రెండు. రైలు కోసం కూచునింది అయిదు. ఒంటిమిట్టకు తొమ్మిది. మొత్తం ఇరవై నాలుగు. ఆపొద్దు నేను చెప్పింది తప్పు."

సోమన్న నోరు తెరిచాడు. "ఇది చెప్పేదానికా ఇంత దూరం వచ్చినావు? జాబు రాస్తే సాలదా?"

"ఆయమ్మి ఎదురుగా అడిగె. జవాబూ ఎదురుగానే చెప్పాల గదా మామా."

సోమన్న తువ్వాలు తెమ్మని కూతురికి సైగ చేశాడు.

"ఒక్క మాటకు ఇంత దూరం వచ్చేటోడు పక్కనుంటే, నా బిడ్డ కోసం నేను బండి కట్టే పని పడదులే. తడుస్తాండావు, లోపలికి రా అల్లుడా."

నాగలక్ష్మి లోపలికి పరుగెత్తి వచ్చింది. తువ్వాలు అందిస్తూ, నవ్వు దాచుకుని అంది: "లెక్క ఇంకా తప్పే. స్టేషను నుంచి మా ఇంటికి నాలుగు మైళ్ళు. ఆ నడక యాడ?"

"అది వేయల్యా." ఓబులేసు గొంతు తగ్గించాడు. "నిన్ను చూస్తాననే ధ్యాసలో గడియారం చూడల్యా."

ఆ తప్పును మాత్రం పంతులమ్మ దిద్దలేదు.