కోసెయ్యమంటే లాగారు

ఆ కోడలి ఉద్యోగమంతా చెవిలోనే ఉంది. పొద్దున్నే తలకి హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. మిక్సీలు పాడైనవాళ్ళూ, ఫ్రిజ్‌లు చల్లబడనివాళ్ళూ వరసపెట్టి ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు. ఆ తిట్లన్నీ విని, "అర్థమైందండీ, చూస్తామండీ" అని చెప్పడమే ఆమె పని. నెమ్మదైన మనిషి, ఎంత తిట్టినా నవ్వుతూనే మాట్లాడేది. మొగుడు చేసే ఫ్యాక్టరీ మూతపడిపోయింది. అతను పని వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. ఇల్లు నడిచేది ఇప్పుడు ఆ చెవి మీదే.

చిక్కల్లా లైనుతోనే. వాళ్ళింటికి నెట్టు వచ్చేది పాతకాలం రాగి తీగ మీద. నాలుగు చినుకులు పడితే చాలు, చెవిలో గురగురమని మొదలెట్టేది, మాట మధ్యలో టక్కున తెగిపోయేది. సూపర్‌వైజర్ రెండుసార్లు మెత్తగా చెప్పాడు. మూడోసారి మెత్తగా చెప్పలేదు.

"రేపు పొద్దున కూడా కాల్ తెగిందంటే, ఇంక మీరు లాగిన్ అవ్వక్కర్లేదమ్మా" అన్నాడు.

అందుకే ఆ మధ్యాహ్నం ఫైబర్ వేసే మనిషిని రమ్మంది. అత్తయ్యకి మాత్రం ఇష్టం లేదు.

ఆ రాగి లైనుకి హాల్లో ఒక ఫోను కూడా ఉంది. మూలన స్టూలు మీద, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పళ్ళ గార రంగుకి తిరిగిన ఫోను. దీపాలు పెట్టే వేళకి రోజూ మోగేది. అత్తయ్య వెళ్ళి ఎత్తేది. చెవికి ఆనించకుండా, బెత్తెడు దూరంలో పట్టుకుని, "ఊ... తిన్నాను... ఊ... ఉన్నాలే" అని పెట్టేసేది. తరవాత స్టూలు కింద ఉండే పాత గుడ్డతో రిసీవర్ని అదేపనిగా తుడిచేది. ఆ తరవాత సబ్బుతో చేతులు కడుక్కునేది. ఆ గుడ్డ ఎప్పుడూ తడిగానే ఉండేది. పాచినోటి కంపు కొట్టేది. కోడలు ఒకసారి ఉతుకుదామని తీసి, వేళ్ళకి జిగురంటుకుంటే ఛీ అని బయట పారేసింది. మర్నాటికల్లా అత్తయ్య ఇంకో గుడ్డ పెట్టుకుంది.

చేసేది ఎవరని కోడలు అడగలేదు. మొగుడు పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు. అత్తయ్యకి ఒక అక్క ఉండేది. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేది. రోజూ సాయంత్రం చెల్లెలికి ఫోను చేసేది. ఒకసారి చాలా రోజులు బయట కనిపించకపోతే చుట్టుపక్కలవాళ్ళు వచ్చి అడిగారు. "నిన్న సాయంత్రం కూడా మాట్లాడిందే" అని చెప్పి అత్తయ్య పంపించేసింది. వాసన ఓర్చుకోలేక చివరికి వాళ్ళే తలుపు పగలగొట్టారు. ఆవిడ ఫోను పక్కనే ఒరిగిపోయి ఉంది. పోయి వారం దాటిందన్నారు. రిసీవర్ చెంపకి అతుక్కుపోయింది. లాగితే చెంప దానితోపాటే వచ్చింది.

మరి రోజూ సాయంత్రం మాట్లాడిందెవరని అత్తయ్యని ఎవరూ అడగలేదు. పెద్దావిడ, బెంగతో మతి తప్పిందనుకున్నారు. ఇప్పుడు చేసేది కూడా ఎవరో దూరపు చుట్టమై ఉంటుందని మొగుడన్నాడు. కోడలు అదే నమ్మింది. అలా నమ్మితేనే రాత్రుళ్ళు నిద్ర పడుతుంది మరి.

వచ్చినాయన్ని అందరూ వైరన్న అంటారు. పొట్ట ముందొచ్చి, మనిషి వెనకాలొచ్చే రకం. నోరు ఊరికే ఉండదు.

"ఏం చెల్లెమ్మా, ఇంకా ఈ రాగి లైనేనా? మా వాళ్ళు దీన్ని మ్యూజియంకి అడుగుతున్నారు" అన్నాడు హాల్లోకొస్తూనే.

"తొందరగా అయిపోతుందా అన్నా? రేపు పొద్దున్నే నాకు డ్యూటీ."

"టీ చల్లారేలోపు అయిపోతుంది. గేటు దగ్గర పెట్టెలోంచి ఈ గోడ దాకా భూమిలో పైపుంది కదా. గేటు దగ్గర రాగి తీగ కోస్తాను. దాని కొసకి ఫైబర్ కట్టేస్తాను. ఇక్కడినుంచి రాగిని లాగానంటే, అది బయటికొస్తుంది, దాని తోక పట్టుకుని మనది లోపలికొస్తుంది. పాతది కొత్తదానికి దారి చూపిస్తుందన్నమాట."

"లాగొద్దు" అంది అత్తయ్య.

అప్పటిదాకా ఆవిడ తలుపు వెనకాల ఉన్న సంగతి ఎవరూ చూడలేదు.

"కోసెయ్యి బాబూ. కోసి, దాన్నలాగే మట్టిలో వదిలెయ్యి. కొత్తదానికి కొత్త దారి చేసుకో. ఆ తీగని మాత్రం లాగొద్దు."

"కొత్త పైపంటే వాకిలంతా తవ్వాలి పిన్నిగారూ. గోడ పగలగొట్టాలి. రెండు రోజుల పని."

కోడలికి సూపర్‌వైజర్ గొంతు గుర్తొచ్చింది. "లాగేద్దాం అన్నా" అంది. అత్తయ్య మొహం వంక చూడలేదు.

వైరన్న గేటు దగ్గరికి వెళ్ళాడు. కిటికీలోంచి అతని వీపు కనిపిస్తోంది. కటింగ్ ప్లేయర్ తీశాడు, టక్‌మని కోశాడు. "అయిపోయింది చెల్లెమ్మా, నీ రాగి లైను చచ్చిపోయింది" అని కేకేశాడు.

హాల్లో ఫోను మోగింది.

ఇంకా చీకటి పడలేదు. వాకిట్లో ఎండ కూడా ఉంది. కోడలు అత్తయ్య వంక చూసింది. అత్తయ్య కదల్లేదు. ఫోను మోగుతూనే ఉంది... ఆ మోత ఆపడానికైనా సరే అన్నట్టు కోడలే వెళ్ళి ఎత్తి చెవికి ఆనించింది.

చెవి తడిసింది.

ముందు చప్పుడు. పళ్ళులేని నోటితో మెత్తటిదేదో నములుతున్నట్టు చప్పుడు. తరవాత ఆ తడిలోంచే చిన్న గొంతు.

"లాగవే... పట్టుకున్నాను... లాగు..."

రిసీవర్ చేతిలోంచి జారిపోయింది. చెవి తుడుచుకుంటే వేళ్ళకి తీగలు తీగలుగా సాగింది. అప్పటికే వైరన్న ఫైబర్ కొసని రాగి తీగకి కట్టి, నల్ల టేపు చుట్టి, లోపలికి వచ్చేశాడు.

"అన్నా, కోసేశాక కూడా మోగింది."

"లోపలెక్కడో కాస్త కరెంటు మిగిలుంటుందిలేమ్మా" అన్నాడు. అన్నాడు గానీ ఫోను వంక ఒకసారి అనుమానంగానే చూశాడు. దాని తీగ ఊడబీకి పక్కన పెట్టాడు. గోడ కన్నంలోంచి రాగి తీగ పట్టుకుని లాగడం మొదలెట్టాడు.

మొదట బాగానే వచ్చింది. తరవాత బరువెక్కింది.

"బురద పట్టినట్టుంది" అన్నాడు. కాలు గోడకి తన్ని పెట్టి లాగాడు. తీగతో పాటు తెల్లటి జిడ్డు వచ్చింది. "భూమిలో వేసే కేబుల్లో గ్రీజు పెడతార్లే" అన్నాడు. కానీ ఆ జిడ్డు గోరువెచ్చగా ఉంది. అందులో పొట్టులాంటిదేదో ఉంది. కమిలిన పుండు మీంచి కట్టు విప్పితే వచ్చే వాసన గదంతా పట్టింది. కోడలు ముక్కు మూసుకుంటే ఆ వాసన నోట్లోకి పోయింది. నాలిక మీద రుచిగా తగిలింది.

తీగ వస్తూనే ఉంది.

"ఇదేంటి..." అన్నాడు వైరన్న. గొంతులో ఇందాకటి ఎగతాళి లేదు. "గేటు ఇక్కడే కదా. నేనే కదా కోసింది..."

అతని కాళ్ళ దగ్గర తీగ చుట్టలు చుట్టలుగా పడుతోంది. వాకిలి అంత పొడుగు లేదు. వీధి కూడా అంత పొడుగు లేదు. తీగ మీద ఇప్పుడు వెంట్రుకలు... తెల్లవి, పొడుగువి, తీగ చుట్టూ అల్లుకుని... వాటిలో ఒక గోరు. మొదలు దగ్గర ఇంకా ఎర్రగా మెత్తగా ఉంది.

లోపలినుంచి కూడా ఎవరో లాగుతున్నట్టు తీగ ఒకసారి వెనక్కి పోయింది.

మళ్ళీ వదిలేసింది.

వైరన్న వెనక్కి వెల్లకిలా పడ్డాడు. తీగ కొస బయటికొచ్చింది. దాని వెనకాలే ఫైబర్ కూడా వచ్చింది. అయితే అతను చుట్టిన నల్ల టేపు లేదు. రెంటినీ కలిపి పట్టుకుంది ఒక జుట్టు ముడి. చక్కగా, ఓపిగ్గా వేసిన ముడి.

అతను పెరట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కుకున్నాడు. తిరిగొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నేను చెయ్యను చెల్లెమ్మా. ఎవర్నైనా పిలుచుకో."

"అన్నా, నీకు పుణ్యముంటుంది. రేపు పొద్దున లైను లేకపోతే మా బతుకు బజారే." కోడలు అతని సంచీలోంచి స్పిరిట్ సీసా తీసి తనే అతని చేతిలో పెట్టింది.

అతను మొహం పక్కకి తిప్పుకుని ఆ ముడి కోశాడు. ఫైబర్‌ని స్పిరిట్‌తో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. గోడకి తెల్ల డబ్బా బిగించి, మిగిలిన ఫైబర్ అందులో చుట్ట పెట్టి, మూత వేశాడు. పచ్చ లైటు వెలిగింది. రాగి తీగ అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి, ఏ లైన్‌మేనూ వదులుకోడు. అతను కాలితో కూడా దాన్ని తాకలేదు. టీ చల్లారిపోయి మీగడ కట్టింది. దాని వంక చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కోడలు కర్రతో ఆ తీగనంతా ఎత్తి బయట పారేసింది. నేల కడిగింది. చీకటి పడింది. స్టూలు మీది ఫోను మోగలేదు.

"చూశారా అత్తయ్యా, పీడ వదిలిపోయింది" అంది.

అత్తయ్య గోడ కన్నం వంక చూసింది.

"అది అక్కడుండేది. నేనిక్కడుండేదాన్ని. మధ్యలో అంత మట్టుండేది. రెండు మాటలు మాట్లాడితే సరిపెట్టుకునేది" అంది మెల్లగా. "అందుకే కొయ్యమన్నాను, లాగొద్దన్నాను."

తెల్లారింది. వాన పడుతోంది. కోడలు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంది. ఒక్క కాల్ కూడా తెగలేదు. గురగుర లేదు. అవతలి మనిషి పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది. ఎవరో కూలర్ గురించి తిడుతుంటే హాయిగా వింది. సూపర్‌వైజర్ కూడా మెసేజ్ పెట్టాడు, వెరీ గుడ్ అని.

పొద్దెక్కాక చెవి దగ్గర దురద పెట్టింది. గోక్కుంటే స్పాంజి తడిగా తగిలింది. చెమటేమో అనుకుంది. వేలు వాసన చూసుకుంది... పాచినోటి కంపు.

గోడ డబ్బా వంక చూసింది. మూత సందులోంచి సన్నటి పోగొకటి బయటికొచ్చి ఉంది. ఫైబర్ కూడా అంత సన్నగానే ఉంటుందని వైరన్న చెప్పాడు. లోపలికి తోసేద్దామని పట్టుకుంది. మెత్తగా ఉంది. తెల్లగా ఉంది. కొంచెం లాగింది. వచ్చింది. ఇంకొంచెం... వచ్చింది. చెవిలో కూలర్ ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు.

"మెల్లగా... నెప్పి" అంది నిన్నటి చిన్న గొంతు.

అది ఫైబర్ కాదు, వెంట్రుకలు. ఆ వెంట్రుకల కొస మూతలోంచి జారి ఆమె అరచేతిలో పడింది. దాని చివర నల్ల టేపు ముక్క. జడకి రిబ్బన్ కట్టినట్టు, పువ్వులాగా ముడేసి ఉంది.

"ఇప్పుడు బాగా వినిపిస్తోందే... తిన్నావా?"

కంప్యూటర్లో కాల్ నడుస్తూనే ఉంది. మూలన చిన్న బొమ్మ వెలిగింది, సూపర్‌వైజర్ వింటున్నాడని. పెట్టెయ్యడానికి లేదు.

వెనకనుంచి అత్తయ్య వచ్చింది. చేతిలో ఉన్న పాత గుడ్డ కోడలి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.