గద్వాల జిన్నింగ్ మిల్లులో మిలీషియా

వనపర్తి బస్టాండులో గోలీసోడా తాగుతూ ఏజెంట్ నంబర్ ఎయిట్ చనిపోయాడు. పట్టపగలు, మే నెల ఎండలో, చుట్టూ జనం ఉండగానే. సోడాలో ఏం కలిపారో ల్యాబ్ వాళ్లకు అంతుపట్టలేదు. పరీక్ష చేసిన గాజుగొట్టానికి చిల్లు పడింది, దాని కింది బల్లకు పడింది, బల్ల కింది గచ్చుకు కూడా పడింది. నమ్మనివాళ్లు పోయి చూసుకోవచ్చు, ఇంకా పూడ్చలేదు. ప్రాణం పోయేముందు నంబర్ ఎయిట్ సోడాబండివాడి చెవిలో ఒకే ఒక్క మాట చెప్పాడు.

"మిలీషియా."

ఆ సాయంత్రం హైదరాబాదులో, బయటికి కుట్టుమిషన్ల రిపేరు షాపులా కనిపించే ఆఫీసులో, చీఫ్ శ్రవణ్ కుమార్ ఎదుట ఏజెంట్ గులాం రసూల్ నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. నిద్రలో కూడా మంచం నాలుగు కోళ్ల చుట్టూ పహరా తిరుగుతాడని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు.

"లాటిన్ మాట," అన్నాడు చీఫ్. "ఒక చర్చి ఫాదర్‌ను అడిగి తెలుసుకున్నాం."

"అంటే ఏంది సార్? తుపాకులు పట్టిన గుంపేనా?"

"అది తర్వాత ఇంగ్లీషువాళ్లు వాడుకున్న అర్థం. రోమువాళ్లకు మిలీషియా అంటే సిపాయి కొలువు. యుద్ధానికి పోవడం, గుడారంలో బతకడం, అంతా కలిపి ఆ ఒక్క మాట. వాళ్ల బతుకు రెండే ముక్కలు. ఒకటి ఇల్లు, రెండోది మిలీషియా. ఇందులో ఉంటే అందులో లేనట్టే."

"నడుమ గడప ఏది సార్?"

"ప్రమాణం. చేసినవాడే సిపాయి. చేయనివాడు శత్రువును చంపినా అది యుద్ధం కిందికి రాదు, ఖూనీ అవుతుంది. అందరూ మొత్తం చదవరు. ఒకడు చదువుతాడు. మిగతావాళ్లు వరసగా వచ్చి 'ఇదెం ఇన్ మే' అంటారు. అంటే, నాదీ అదే."

రసూల్ కిటికీ దాకా పోయి వెనక్కి వచ్చాడు. "ఈ కథంతా నాకెందుకు సార్?"

"డాక్టర్ వోల్కర్. విదేశీ రింగ్ లీడర్. లాటిన్ పిచ్చోడు, ఆ పాత రూల్స్ ఇప్పటికీ పాటిస్తాడు. సోడాలో విషానికి మాత్రం ఏ రూలూ అడ్డు రాలేదు. సముద్రం అవతల ఎవరి యుద్ధానికో మనుషుల్ని సప్లై చేస్తాడు. ఈసారి పాలమూరు మీద పడ్డాడు. అసలే కరువు. బొంబాయిలో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం అని చెప్పి కుర్రాళ్లను పోగేశాడు. ఎల్లుండి గద్వాలలో మూతపడ్డ జిన్నింగ్ మిల్లు నుంచి లారీలు కదులుతాయి. రాయచూరు బార్డర్ దాటితే నేరుగా ఓడ. తర్వాత ఒక్కడూ తిరిగి రాడు."

"మన ఫోర్స్?"

"వస్తుంది. వచ్చేదాకా లారీలు కదలకూడదు. నీ కవర్ పోకూడదు. లోపల మాలతి ఉంది. మన మనిషి."

"పక్కా?"

"వోల్కర్‌ను అడిగినా ఇదే మాట అంటాడు," అన్నాడు చీఫ్ విచారంగా.

మర్నాడు లింగాలలో కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రి కురుమయ్య వేషంలో రసూల్ దిగాడు. ఎర్ర తువ్వాల, నెత్తికి ఆముదం, నడుముకు సున్నపు డబ్బీ. డబ్బీలో ట్రాన్స్‌మిటర్. రసూల్‌ను కన్నతల్లి చూసినా "ఏ ఊరు నాయనా" అని అడిగేది.

రొట్టెలమ్మే జోగులమ్మ అదే అడిగింది. "ఏ ఊరన్నా మీది?"

"తిమ్మాజిపేట."

"గద్వాల బండ్లకే పోతున్నవా? మా రాకేష్ గూడ పోతనంటుండు." ఆమె పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది. "వాళ్ల నాయన గిట్లనే డ్యాం పనికి పోయిండు. పీనుగ గూడ రాలే. వీడొక్కడే నాకు. వద్దంటే ఇంటలేడు. నువ్వన్న చెప్పన్నా."

రొట్టె మాడిన వాసన వచ్చింది. రసూల్ దాన్ని తీసి తినేశాడు.

"నీ కొడుకు సరిహద్దు దాటడక్కా," అన్నాడు. ఏజెంటు అనకూడని మాట అది. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నువ్వెట్ల చెప్తవు?"

"జర నమ్ము."

ఎల్లుండి రానే వచ్చింది. మిల్లు ఆవరణలో లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. లోపల పాత దూది ఎగురుతోంది. రసూల్ మూలకు పోయి, సున్నం రాసుకుంటున్నట్టు డబ్బీ తెరిచి గొణిగాడు.

"ఎక్కడున్నరు?"

"ఎర్రవల్లి చౌరస్తా దాటాం... రైల్వే గేటు పడింది... గూడ్సు బండి..." అంతే, గొంతు ఆగిపోయింది. ట్రాన్స్‌మిటర్‌లోకి నిజమైన సున్నం పోయింది. మేస్త్రి వేషం మరీ పక్కాగా వేస్తే వచ్చే కష్టం ఇదే.

వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించింది. "నాగర్‌కర్నూల్ బస్సు పోయిందా?"

"పోయింది. టైరు మిగిలింది," అన్నాడు రసూల్ తిరగకుండానే.

మాలతి. చిలకపచ్చ గద్వాల చీర, చేప కళ్లు. గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందంటారు. మాలతి చీరతోపాటు పిస్తోలు కూడా అదే అగ్గిపెట్టెలో పెట్టగలదు.

"ప్రమాణం కాగానే బయల్దేరతారు," అంది. "నేను అనువదించాలి. నన్ను నమ్ముతున్నావా?"

"లేదు."

"మంచిది. ఎవరూ నమ్మొద్దు."

రసూల్ మూడు అడుగులు అటు, మూడు అడుగులు ఇటు తిరిగాడు. అప్పుడు గేటు సందులోంచి చూసి ఆగిపోయాడు. బయట రోడ్డు మీద ఆడవాళ్లు. నెత్తిన గంపలు, గంపల్లో గిన్నెలు, చంకల్లో పిల్లలు, తాడు కట్టిన మేకలు. ముందు వరసలో పెనం పట్టుకుని జోగులమ్మ.

వోల్కర్ కోసం మనుషుల్ని పోగేసిన పెంటయ్య గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు.

"ఏందే పెంటయ్యా, ఆడోళ్లు గూడనా?"

పెంటయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు మేస్త్రివేనా అసలు? ఆడోళ్లు రాకుంటే బువ్వెవరు వండాలె? నా బతుకంత లేబర్‌ను తోలిన. జోడి లేకుంట ఒక్కణ్ణి బండెక్కియ్యలే. పెండ్లి గానోనికి తల్లన్న ఉండాలె."

"దొరకు చెప్పినవా?"

"ఆయన అడగలే. ఇది గూడ చెప్పాల్నా?"

రసూల్‌కు పెంటయ్యను కౌగిలించుకోవాలనిపించింది. శత్రువు కాబట్టి ఊరుకున్నాడు.

లోపల వోల్కర్ తెల్లసూటులో, బంగారు డేగ బొమ్మ ఉన్న కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పక్కన తుపాకీతో అసిస్టెంటు. కుర్రాళ్ల వైపు చూసి, అందరిలో వయసు మళ్లిన మేస్త్రిగా కనిపిస్తున్న రసూల్‌ను మొదటివాడిగా పిలిచాడు. లాటిన్‌లో చదివాడు. మాలతి తెలుగులో చెప్పింది. జనరల్ చెప్పిన చోటికి పోతాను. సెలవు దొరికేదాకా ఇంటి మాట ఎత్తను.

రసూల్ తువ్వాల భుజాన వేసుకుని గొంతు సవరించుకున్నాడు.

"పనికి పోత. చెప్పిన కాడికి పోత. మా జోడిని ఎంటబెట్టుకోని పోత. అది కాలు కదిపితెనే నేను కదుల్త. అది ఇంటికి పోదామంటే ఇంటికి పోత."

పెంటయ్య తల ఊపాడు. ఏ గుంపైనా పనికి ఒప్పుకునేది ఈ మాట మీదనే గదా, ఇందులో వింతేముంది?

"పొడుగ్గా ఉందే?" అన్నాడు వోల్కర్ అనుమానంగా. "సరిగానే చెప్పాడా?"

మాలతి చేయి చీర కుచ్చెళ్ల దగ్గరికి పోయింది. ఆమె గేటు వైపు ఒకసారి చూసింది.

"తెలుగు పొడుగు భాష డాక్టర్. అక్షరం పోకుండా చెప్పాడు."

కుర్రాళ్లు వరసగా వచ్చారు. "నాది గూడ గట్లనే." "నాది గూడ గట్లనే." రాకేష్ వంతు వచ్చింది. వాడు నసిగాడు.

"నాకు పెండ్లి గాలే మేస్త్రీ."

"అమ్మ ఉన్నది గద రా."

రాకేష్ గేటు వైపు చూసి తలొంచుకున్నాడు. "నాది గూడ గట్లనే."

గేట్లు తెరిచారు. కుర్రాళ్లు కాలు కదిపేలోపే ఆడవాళ్లు లారీలెక్కారు. వాళ్ల వెనక గిన్నెలు, మంచాలు, మేకలు ఎక్కాయి. ఒక కోడిపెట్ట డ్రైవరు ఎదుట అద్దం దగ్గర కుదురుకుని గుడ్డు పెట్టే ప్రయత్నంలో పడింది.

వోల్కర్ ముఖం మాలతి చీర కన్నా పచ్చబడింది. "ఆడవాళ్లా? మిలీషియాలోకా? దింపండి!"

"మేం దిగితే వాళ్లు రారు," అంది జోగులమ్మ లారీ మీది నుంచి. "మాట అనుకున్నరు గద."

"ఏమంటోంది?"

అప్పుడు మాలతి ప్రమాణమంతా ఈసారి నిజంగా అనువదించింది. "ఆడవాళ్లు కదలమంటేనే కదులుతారు. మీ చేతుల మీదుగానే ప్రమాణం చేశారు డాక్టర్. బలవంతంగా తీసుకుపోతే సిపాయిలు కారు. మీరు చేసేది యుద్ధం కాదు. దాన్ని ఏమంటారో మీకే బాగా తెలుసు."

"రద్దు చేసి మళ్లీ చేయిస్తాను."

"కొలువు ముగియకుండా ప్రమాణం రద్దవుతుందా?"

వోల్కర్ కర్రతో నేల మీద ఏదో గీసి, తుడిచి, మళ్లీ గీశాడు. చూసి చూసి విసుగెత్తిన అతని అసిస్టెంటు ఆ రూల్సన్నీ పక్కన పెట్టి, కుర్రాళ్ల మీదికి తుపాకీ తిప్పి లారీల మీదికి ఎక్కించాడు. డ్రైవరును గదమాయించాడు. మొదటి లారీ గర్జించి గేటు వైపు దూకింది. లారీ మీద రాకేష్, పక్కన జోగులమ్మ. రసూల్ పరుగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కి, కోడిపెట్టను ఎత్తి డ్రైవరు ముఖం మీదికి విసిరాడు. లారీ వంకర తిరిగింది. సరిగ్గా అప్పుడే గేటులో ఫోర్స్ జీపు అడ్డం వచ్చి ఆగింది. జీపుకూ లారీకీ మధ్య ఒక అప్పడం పట్టేంత సందు మిగిలింది. గూడ్సు బండి ఎట్టకేలకు పోయినట్టుంది.

వోల్కర్‌కు బేడీలు పడ్డాయి. పెంటయ్యకూ పడ్డాయి. మాలతికి పడలేదు, ఎందుకంటే అప్పటికే ఆమె అక్కడ లేదు. జోగులమ్మ కొడుకు చేయి పట్టుకుని ఉంది, వదలమన్నా వదలడం లేదు.

రసూల్ జీపు వైర్‌లెస్ అందుకున్నాడు.

"మిషన్ కంప్లీట్ సార్. రింగ్ మొత్తం దొరికింది. కుర్రాళ్లందరూ సేఫ్."

"శభాష్ రసూల్. ఇక అందరినీ ఇళ్లకు పంపించు."

"అదే పరేషాన్ సార్. ఆడోళ్లు లారీలు దిగుతలేరు. ఊళ్లె వానల్లేవు, చేన్లల్ల ఏం లేదు, గిన్నెలు గూడ సదురుకోని వచ్చినమంటున్నరు. పనెక్కడున్నదో చెప్తెనే దిగుతరట. ఏం చెప్పమంటరు?"

"లైన్లో ఉండు, ఆ ఫాదర్‌ను అడిగి చెప్తాను," అన్నాడు చీఫ్. దీనికి లాటిన్‌లో ఏదో ఒక మాట ఉండే ఉంటుంది గానీ, చీఫ్‌కు అది తట్టలేదు.