ఆపని ఇంజన్

శనివారం పొద్దున ఆరున్నర. గనిలో మొదటి షిఫ్టు సైరన్ మోగి అరగంటైంది. యమున టిఫిన్ డబ్బాలో అన్నం సర్దుతోంది. రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ప్రశాంత్ బూట్లయినా విప్పకుండా గోడ మేకుకు వేలాడుతున్న కారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇగ నుంచి నువ్వు బస్సుల పో,” అన్నాడు.

యమున చెయ్యి ఆగింది. ఈ మాట వస్తుందని నిన్నటి నుంచీ ఆమెకు తెలుసు.

నిన్న శుక్రవారం. మామ సదయ్య, అత్త సారవ్వను మంచిర్యాలలో డయాలసిస్ చేయించి తీసుకొస్తుంటే, గోదావరి బ్రిడ్జి మధ్యలో కారు ఆగిపోయింది. పెట్రోలు చుక్క లేదు. ఒంట్లో శక్తంతా పోయిన మనిషి నలభై నిమిషాలు ఆ ఎండలో, పక్క నుంచి బొగ్గు లారీలు దూసుకుపోతుంటే, వెనక సీట్లో పడి ఉంది. ఎవరో మోటార్‌సైకిల్ మీద సీసాలో పెట్రోలు తెచ్చి పోశాకే ఇల్లు చేరారు.

ప్రశాంత్ ప్రతి ఆదివారం బంకుకు వెళ్లి పెట్రోలు పోయిస్తాడు. ఏడాదిగా అదే లెక్క. వారమంతా తిరిగినా ఇంకా మిగిలేది. రెండు నెలల నుంచి మాత్రం, పెరిగిన దూరానికి లెక్కకట్టి ఎక్కువే పోయిస్తున్నా, శుక్రవారానికే ట్యాంకు అడుగంటుతోంది. ఆ రెండు నెలల్లో ఈ ఇంట్లో మారినవి రెండే. ఒకటి, సారవ్వకు సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ మొదలైంది. రెండు, యమునకు లైసెన్స్ వచ్చి, మిగిలిన మూడు రోజులూ ఆమె కారులో జైపూర్ వెళ్తోంది. అక్కడి కరెంటు ప్లాంటు దగ్గర బొగ్గు శాంపిళ్లు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం.

“గురువారం నాడు లైటు వెలిగిందా లేదా?” అడిగాడు ప్రశాంత్.

“వెలిగింది. లైటు వెలిగినంక కూడ ఎనభై కిలోమీటర్లు పోతది. దవాఖానకు పోయిరాను నలభయ్యే కదా అనుకున్న.”

“అనుకున్నవ్. అవ్వ బ్రిడ్జి మీద పడ్డది.”

ప్రశాంత్ అరిచే మనిషి కాదు. గనిలో ఎలక్ట్రీషియన్. ఫ్యూజు ఎక్కడ పోయిందో వెతికినట్టే ఇంట్లో తప్పు కూడా వెతుకుతాడు. వరండాలో పళ్లు తోముకుంటున్న తండ్రి వైపు తిరిగి, నీకేమనిపిస్తుంది బాపూ అని అడిగాడు.

సదయ్య ముప్పై ఒక్క ఏళ్లు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపాడు. ఇంటంత బండిని అంగుళం తేడా లేకుండా, బొగ్గు ఎత్తిపోసే షావెల్ కింద నిలబెట్టేవాడని ఇప్పటికీ కాలనీలో చెప్పుకుంటారు. బండి విషయంలో ఆయన మాటే ఆఖరు. ఆయన నోరు పుక్కిలించి, తువ్వాలతో మూతి తుడుచుకుని, నింపాదిగా తీర్పు చెప్పాడు.

“కొత్త చెయ్యి గదరా. హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నట్టున్నది. పెద్ద గేరు వెయ్యాల్సిన కాడ చిన్న గేరుల గుంజితే బండి తాగుతది మరి.”

“తాగుడు ఎవడు తాగినా పేరు కోడలికే వస్తది ఈ ఇంట్ల,” అంది మంచం మీద నుంచి సారవ్వ. “నా కొడుకేమన్న తక్కువనా? వాడు బిరేకు కొడితే నా పండ్లు కదుల్తయి. మీ బాపు నడిపితేనే నిమ్మళం. దవాఖాన నుంచి నేను బయటికొచ్చేసరికి, రాణికి లెక్క, బండి స్టార్ట్ చేసే ఉంచుతడు.”

ఆ మాటకు అందరూ నవ్వారు, యమున తప్ప. ఆమెకు బస్సు కళ్ల ముందు కనిపిస్తోంది. ల్యాబులో ఎనిమిదింటికల్లా శాంపిళ్లు అందుకోవాలి. మొదటి బస్సు ఎక్కినా చేరేసరికి ఎనిమిదీ నలభై. ఇప్పటికే వారానికి, బస్సులో పోయే మూడు రోజులు పక్క టేబులు సంధ్యారాణి ఆమె శాంపిళ్లు కూడా దించుకుంటోంది. మూడు రోజుల వరకే ఓర్చుకుంటానని, ఆ పైన ఇంకో మనిషిని చూసుకుంటానని సూపర్‌వైజర్ రఘుపతి మొహం మీదే చెప్పాడు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే.

“ఒక్క వారం టైం ఇయ్యి,” అంది. “నా తప్పే అయితే నేనే తాళంచెవి తెచ్చి నీ చేతుల పెడ్తా.”

ప్రశాంత్ జేబులోంచి తాళంచెవి తీసి మళ్లీ మేకుకు తగిలించాడు.

*

రోజంతా బొగ్గు తూచి, కాల్చి, మిగిలిన బూడిద తూచే మనిషికి ఊహ మీద నమ్మకం ఉండదు. యమున ముందు బంకుకు వెళ్లింది. పంపు దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపించింది. నాలుగు టైర్లలో గాలి చూపించింది. అప్పుడు జైపూర్ దారి పట్టింది. డ్రైవింగ్ స్కూల్లో చెప్పినవన్నీ నోట్లో వల్లించుకుంటూ నడిపింది. క్లచ్ మీద కాలు ఉంచలేదు. తొందరగా పెద్ద గేర్లలోకి వెళ్లింది. స్పీడు యాభై ఐదు దాటలేదు. ముందు లారీ నెమ్మదిస్తే దూరం నుంచే కాలు తీసింది, దగ్గరికెళ్లి బ్రేకు తొక్కలేదు.

సాయంత్రం వస్తూ అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ నింపించింది. యాభై కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు పట్టింది. లీటరుకు ఇరవై. బాగానే ఉంది.

అయితే ఇది జాగ్రత్తగా నడిపిన రోజు. మామూలు రోజుల్లో తన కాలు ఎలా పడుతుందో ఏమో. ఆ అనుమానం ఆమెకే ఉంది.

ట్యాంకు నిండుగా ఉండటంతో ఆదివారం కారు కదల్లేదు. సోమవారం సదయ్య, సారవ్వ మంచిర్యాల వెళ్లొచ్చాక, కూరగాయల పేరు చెప్పి యమున కారు తీసుకుని బంకుకు పోయింది. పంపు మీద అంకెలు తిరుగుతుంటే చూస్తూ నిలబడింది. రెండు దాటింది. మూడు దాటింది. ఐదు లీటర్ల దగ్గర ఆగింది.

తిరిగింది నలభై కిలోమీటర్లు. తాగింది ఐదు లీటర్లు. నడిపింది ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం.

ఇది నడపడంలో తేడా కాదు. ఎవడో పెట్రోలు తీస్తున్నాడు. డయాలసిస్ నాలుగు గంటలు. బయట కారు. లోపల కునుకు తీసే ముసలాయన. దొంగకు ఇంతకన్నా ఏం కావాలి? ఇంట్లో చెబితే మామను తప్పుపట్టినట్టవుతుంది. పట్టుకునే చెప్పాలి.

బుధవారం సంధ్యారాణికి ఫోన్ చేసి సెలవు చెప్పింది. ఎప్పటిలాగే డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయటపడి, జైపూర్ బస్సు వదిలేసి మంచిర్యాల బస్సెక్కింది.

దవాఖాన గోడ పక్క టీకొట్టు బల్ల మీద, మొహానికి చున్నీ కట్టుకుని కూర్చుంది. కారు ఎదురుగానే ఉంది, చెట్టు నీడ దొరకని చోట, గేటు వైపు ముక్కు పెట్టి. అద్దాలన్నీ దించి ఉన్నాయి. సదయ్య స్టీరింగ్ ముందే కూర్చుని తువ్వాలతో చెమట తుడుచుకుంటున్నాడు. గంట గడిచింది. కారు దగ్గరికి ఎవరూ రాలేదు. ఆయన కునుకు తీయలేదు. కిందికి కూడా దిగలేదు.

గంటన్నర దాటాక యమునకు ఓపిక పోయింది. దొంగ ఈ రోజు రాడనుకుని, కనీసం ఒక టీ అయినా ఇద్దామని గ్లాసు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లింది. బానెట్ పక్కన అడుగు పడేసరికి చేతిలో గ్లాసు ఆగింది.

బానెట్ సన్నగా వణుకుతోంది. లోపల ఇంజన్ తిరుగుతోంది.

“నువ్వేంది బిడ్డా ఇక్కడ?” సదయ్య కంగారుపడ్డాడు. “డ్యూటీ లేదా?”

యమున పక్క సీట్లో కూర్చుని టీ ఇచ్చింది. ఎప్పటి నుంచి ఇంజన్ ఆన్‌లో ఉందని అడిగింది.

“వచ్చిన కాడికెల్లి. ఏసీ బంద్ పెట్టిన, సూడు. పెట్రోలు ఊకె ఎందుకని.”

“ప్రతిసారి గిట్లనేనా మామా? నాలుగ్గంటలు?”

“నిలబడ్డ బండి ఏం తాగుతదే? నడిచేదే తాగుతది.”

ఆ మాట ఆయన సందేహం లేకుండా అన్నాడు. యమునకు అర్థమైంది. ఓపెన్‌కాస్టులో షావెల్ ముందు వరసలో నిలబడ్డ డంపర్ ఇంజన్ ఎవరూ ఆపరు. డీజిలు ట్యాంకరు బండి దగ్గరికే వచ్చి నింపిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఈయన ఒక్కరోజు కూడా బంకు ముందు నిలబడలేదు. ట్యాంకు ముల్లు చూసే అలవాటే లేదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. నిలబడ్డ ఇంజన్ కూడా గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుందని, నాలుగు గంటలకు మూడు లీటర్లని, తాను రెండు రోజులు బంకులో కొలిచి చూశానని. సదయ్య వింటూ ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

“జర బంద్ చెయ్యి మామా,” అంది.

ఆయన చెయ్యి తాళంచెవి దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది.

“నాతోటి కాదు బిడ్డా.”

తర్వాత ఆయన చెప్పింది ప్రశాంత్‌కు కూడా తెలియదు. ప్రశాంత్ అప్పటికి పుట్టలేదు. ఒక వానాకాలం, ఆయనతో కలిసి పనిచేసే ఆగయ్య మీద బండరాయి జారిపడింది. జీపులో ఎక్కించారు. సదయ్య నడపాలి. ఆగయ్య ఏదో చెప్పబోతున్నాడు.

“జీపు సప్పుడుకు ఇనపడతలేదు. ఏమంటున్నడో ఇందామని ఒక్క నిమిషం బంద్ చేసిన. నీళ్లు అడిగిండు, తాపిన. మళ్ల తాళం తిప్పితే బండి లేవలే. బ్యాటరీ తడిసింది. బురదల నలుగురం ఇరవై నిమిషాలు నూకినం.” ఆయన అద్దంలోంచి దవాఖాన తలుపు వైపే చూస్తున్నాడు. “దవాఖాన కాడికి పోయేసరికి లేడు. మొదటి రోజే మీ అత్తకు మిషన్ మీదనే బీపీ పడిపోయింది. పెద్ద దవాఖానకు తీస్కపోవాల్సొస్తదేమో అన్నరు డాక్టర్లు. అప్పటికెల్లి ఈ తాళం తిప్పబుద్ధి కాదు.”

వారం గడువులో ఇంకా మూడు రోజులున్నాయి. సాక్ష్యం యమున చేతిలో ఉంది. అది ఎవరి మీదో తెలిశాక దాన్ని ఇంటికి తీసుకుపోవాలనిపించలేదు. నేను ఎవరికీ చెప్పను మామా అని మాత్రం అంది.

*

ఆ సాయంత్రం ప్రశాంత్ మొదటి షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. ఇంతలో ల్యాబు సూపర్‌వైజర్ ఫోన్. మీ భార్యకు ఒంట్లో ఎలా ఉంది అని అడిగాడు. ప్రశాంత్ ఫోన్ పెట్టేసి యమున వైపు చూశాడు.

“డ్యూటీకి పోలే. ఇంట్ల చెప్పలే. యాడికి పోయినవ్?”

బస్సు దొరకలేదనో, తలనొప్పనో యమున చెప్పొచ్చు. అబద్ధానికి నోరు రాలేదు, నిజానికి మామకిచ్చిన మాట అడ్డు.

ప్రశాంత్ లేచాడు. వారం అక్కర్లేదని, తనకు ఇప్పుడే అర్థమైందని అన్నాడు. పెట్రోలు ఎటు పోతున్నదో ఇప్పుడు తెలుస్తున్నదన్నాడు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ప్రశాంత్ మేకు దగ్గరికి పోయి తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

“ఆడ పెట్టు దాన్ని,” అన్నాడు సదయ్య వరండాలోంచి.

గొంతు పెద్దది కాదు. కానీ ప్రశాంత్ చెయ్యి ఆగింది.

“నా కాడికే వచ్చింది బిడ్డ. దొంగను పట్టుకుందామని వచ్చింది. దొరికిండు.” సదయ్య లోపలికి వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. “పెట్రోలు తాగింది నేను. నాలుగ్గంటలు ఇంజన్ బంద్ చెయ్యకుంట కూసుంటున్న. బండి ఆగొద్దని ఇంజన్ ఆపలే. గందుకే మీ అవ్వ బ్రిడ్జి మీద ఆగింది.”

ప్రశాంత్‌కు ముందు నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి ఆ నవ్వు సగంలోనే పోయింది. ఆగయ్య సంగతి అప్పుడు మొదటిసారి ఆ ఇంట్లో వినిపించింది. సారవ్వ మంచం మీద లేచి కూర్చుంది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి కూడా అది కొత్త.

చెప్పడం అయ్యాక సదయ్య యమున వైపు తిరిగాడు.

“హాఫ్ క్లచ్ అన్న మాట నేను చూసి చెప్పలే బిడ్డా. నువ్వు నడిపే బండిల నేను ఒక్కనాడు కూసోలే. కొత్త చెయ్యి, ఆడామె అని అనేసిన. నా మాట మీద వీడు తీర్పు చేసిండు. తప్పు నాది.”

“మామా, గట్ల అనకు,” అంది యమున. శనివారం నుంచి అణచిపెట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. సారవ్వ చెయ్యి చాపి ఆమెను దగ్గరికి లాక్కుంది.

ప్రశాంత్ తాళంచెవి తెచ్చి యమున పక్కన పెట్టాడు. పెట్రోలు ఎటు పోతున్నదో అన్న మాట తన నోటి నుంచి రాకుండా ఉండాల్సిందన్నాడు. ఆమె తల తిప్పలేదు. క్షమించేసింది అనడానికి లేదు, ఆ రాత్రికి.

“రేపు నన్ను డ్యూటీ కాడ దింపి పో,” అన్నాడు చివరికి. “జర నీ గేర్లు చూడాలె నేను.”

“నీ బిరేకులు కూడ నేర్పియ్ బిడ్డా వానికి,” అంది సారవ్వ.

*

గురువారం డ్యూటీ నుంచి వస్తూ యమున కారు మెకానిక్ దగ్గర పెట్టి బ్యాటరీ చూపించింది. పాతదే అయినా బలంగానే ఉందన్నాడు. అయినా కొత్తది వేయించింది. ఆ సంగతి మామకు మాత్రమే చెప్పింది.

శుక్రవారం పదిన్నరకు ల్యాబులో ఆమె ఫోన్ మోగింది. చేతికి బొగ్గు పొడి. మోచేత్తో స్పీకర్ నొక్కింది.

“బిడ్డా, బంద్ చేసిన,” అన్నాడు సదయ్య. అవతల నుంచి ఇంకేమీ వినబడలేదు. పది సెకన్లు. “ఇప్పుడు స్టార్ట్ చేస్తున్న, ఇను.” ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది. “లేచింది బిడ్డా. మళ్ల బంద్ చేస్తున్న.”

పదకొండింటికి మళ్లీ ఫోన్. అదే మాట, అదే ఇంజన్. పదకొండున్నరకు మళ్లీ. సంధ్యారాణి నవ్వు ఆపుకోలేక ముక్కు పట్టుకుంది. యమున ప్రతిసారీ పని ఆపి వింది.

పన్నెండు దాటాక వచ్చిన ఫోన్‌లో ఆయన మాట్లాడలేదు. ఎప్పటిలాగే బంద్ చేశానని చెబుతాడని ఆమె ఎదురుచూసింది. ఫోన్ కలిసేలోపే డయాలసిస్ అయిపోయినట్టుంది, బదులుగా ఎక్కడో దూరం నుంచి సారవ్వ గొంతు వినిపించింది.

“ఏందయ్యా, ఇయ్యాల బండి సప్పుడే లేదు? నిద్రపోయినవా?”

“నిద్ర యాడిది,” అన్నాడు సదయ్య. “ఇన్ని రోజులు ఇంజన్ సప్పుడుల ఇనపడలేదు. ఇయ్యాల నీ చెప్పుల సప్పుడు తలుపు కాడికెల్లే ఇనపడ్డది.”

కారు తలుపు పడింది. తాళం తిరిగింది. ఇంజన్ లేచింది.

యమున బొగ్గు అంటిన మణికట్టుతోనే కళ్లు తుడుచుకుని తర్వాతి శాంపిల్ అందుకుంది.