సెల్ఫ్ తీసుకోని ఎర్ర కారు

మెకానిక్‌ని పొద్దున ఆరింటికి చంపారు. షెడ్డు షట్టర్ ఎత్తుతుంటే వెనక నుంచి ఒకే తూటా. తుపాకీకి సైలెన్సర్ ఉంది, పక్క షాపువాడికి కూడా చప్పుడు వినబడలేదు. ఏడున్నరకి ఏజెంట్ ఫ్యూజ్ చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు.

ఫ్యూజ్ అన్నది కోడ్ నేమ్. ఏజెంట్ కాకముందు అతను పదహారేళ్లు ఆటో ఎలక్ట్రీషియన్. గోళ్ల కింద గ్రీజు ఇంకా పూర్తిగా పోలేదు. డిపార్ట్‌మెంట్‌లో ఇస్త్రీ సూట్ల దొరబాబులకి విదేశీ హోటళ్ల కేసులు, అతనికి గేటు కాపలా కేసులు. ఇవాళ మాత్రం అతన్నే పిలిచారు. ఎందుకంటే ఆ దొరబాబుల్లో ఒక్కడికీ బ్యాటరీ టెర్మినల్ విప్పడం రాదు.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాలు. డిపార్ట్‌మెంట్‌లో ఒకడు ఏళ్ల తరబడి విదేశీ ముఠాకి రహస్యాలు అమ్మాడు. ఇప్పుడు కస్టడీలో ఉన్నాడు. వాణ్ని గుర్తుపట్టి కోర్టులో చెప్పగలిగింది రహస్య లిపి సందేశాలు చూసి రిటైరైన సైఫర్ ఆఫీసర్ ఒక్కడే. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పది గంటలకి ఆయన కోర్టులో లేకపోతే మధ్యాహ్నానికి వాడు బయటికొస్తాడు. డిపార్ట్‌మెంట్ కార్లని పెద్దాయన నమ్మడు. ఇంటి షెడ్డులో తాళం వేసి ఉంచే తన ముప్ఫై ఎనిమిదేళ్ల ఎర్ర టూ-సీటర్ స్పోర్ట్స్ కారులో తప్ప రానన్నాడు. అది నిన్న సాయంత్రం నుంచి సెల్ఫ్ తీసుకోవడం లేదు. దాన్ని చూడాల్సిన మెకానిక్ మార్చురీలో ఉన్నాడు.

"నువ్వు కొత్త ఎలక్ట్రీషియన్‌వి. తొమ్మిదిన్నరకి బండి కదలాలి," అన్నాడు చీఫ్. "లోపల మన మనిషి ఉంది. పెద్దాయన సెక్రటరీ. ఏడాదిగా ముఠాలో దూరి మనకి కబుర్లు అందిస్తోంది."

జేబులో పెట్టుకోమని టెస్టర్ పెన్ను ఒకటి ఇచ్చారు. వెనక బటన్ నొక్కితే చుక్కలాంటి పచ్చలైటు వెలిగి, రెండు వీధుల అవతల ఉన్న జీపుకి సిగ్నల్ వెళ్తుందట.

పెద్దాయన ఇంటి వెనక షెడ్డు. రేకుల కప్పు, సిమెంటు నేల, గోడకి వరసగా పానాలు. బయటి గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు. షెడ్డు ముందు సెక్రటరీ నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్, పెట్రోలు వాసనని కూడా ఓడించే సెంటు. చేతిలో పెద్ద హ్యాండ్‌బ్యాగు.

"ఈ బండికి వయసెంతండీ?" అని అడిగాడు ఫ్యూజ్.

"కారునీ ఆడదాన్నీ వయసు అడక్కూడదు," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. అతను ఊపిరి వదిలాడు. అంతలో కారులోంచి ఇంకో గొంతు.

"అన్నయ్యా, నువ్వా?"

పక్క సీట్లో ఒళ్లో షార్ట్‌హ్యాండ్ పుస్తకంతో కూర్చున్నది అతని సొంత చెల్లెలు. కోర్టు స్టెనోగ్రాఫర్. దారిలో పెద్దాయన చెప్పేది రాసుకోమని కోర్టువాళ్లు పంపారు. అన్నయ్య ఏజెంటని ఆమెకి తెలీదు.

"ఊరూరా తిరిగి బ్యాటరీలు అమ్ముతున్నావని అమ్మ అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది. ఇదా నీ సేల్స్ మేనేజర్ ఉద్యోగం?"

దిగి బయట నిలబడమన్నాడు. ఎండలో నేనెందుకు నిలబడాలి, నీ పని నువ్వు చూసుకో అంది. సెక్రటరీ నవ్వింది.

ఫ్యూజ్ బానెట్ ఎత్తాడు. భయంగా ఉన్నా పని చేతికి వచ్చేసింది. హెడ్‌లైట్లు వేయించి, చెల్లెల్నే చెయ్యి చాపి తాళం తిప్పమన్నాడు. టక్. సెల్ఫ్ మోటార్ తిరగలేదు. లైట్లు మసకబారలేదు. బ్యాటరీ బాగుంది. కరెంటు మోటార్ దాకా వెళ్తోంది, తిరిగి వచ్చే దారి లేదు. మీటర్ ముళ్లు ఒకటి ఇంజన్ మీద, ఒకటి బాడీ మీద పెట్టి మళ్లీ తిప్పమన్నాడు. సున్నా చూపించాల్సిన మీటర్ పదకొండు వోల్టులు చూపించింది.

ఎర్త్ పోయింది. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. కరెంటు దాన్నుంచి బాడీకి తిరిగి రావాలంటే జడలా అల్లిన ఒక రాగి పట్టీయే దారి. ఆ పట్టీ బోల్టు దగ్గర ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉంది. పన్నెండు వోల్టుల్లో పదకొండు ఆ తుప్పులోనే చస్తున్నాయి. పది నిమిషాల పని.

అప్పుడు కనబడింది ఆ వైరు.

ఈ బండిలో ప్రతి వైరూ ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడిపోయింది. ఒక్కటి మాత్రం కొత్త ఎరుపు. రెండు పోగులది, ఒకటి సెల్ఫ్ మోటార్ టెర్మినల్‌కి, ఒకటి మోటార్ తొడుగుకి బిగించి ఉంది. వేలితో దాని వెంట వెళ్లాడు. కార్పెట్ కిందుగా డ్రైవర్ సీటు కిందికి. అక్కడ మైనపు గుడ్డలో చుట్టిన పొట్లం. ఆ పేలుడు మందు వాసన ట్రైనింగ్‌లో ఒక్కసారి చూపిస్తారు. మర్చిపోవడం ఎవరి తరమూ కాదు.

సెల్ఫ్ తిరిగేంత కరెంటు వస్తే పొట్లం పేలుతుంది. రెండు సార్లు. రెండు సార్లు తన నోటితో చెప్పి చెల్లెలి చేత తాళం తిప్పించాడు. ఆమెని బతికించింది తుప్పు. ఆ తుప్పు తీయడానికే తనని పిలిపించారు.

"చూసేశావన్నమాట," అంది సెక్రటరీ, బానెట్ చాటున, చాలా మెల్లగా. బ్యాగు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. లోపలి తుపాకీ గొట్టం చెల్లెలి వైపు చూస్తోంది. "పాత మెకానిక్‌కి ఇందులో ప్రతి వైరూ తెలుసు. అందుకే పోయాడు. కొత్తవాడివి, నీ కంట పడదనుకున్నాం. సరే. పట్టీ బాగుచెయ్యి."

ఏడాదిగా ఆమె డిపార్ట్‌మెంట్‌కి అందించిన కబుర్లన్నీ ముఠా వదిలేసుకున్న చిల్లర మనుషులవి. చీఫ్ వాటికి ఫైళ్లు కట్టి, అల్మారాలో పెట్టి మురిసిపోయాడు.

చెయ్యనన్నాడు ఫ్యూజ్. అయితే ఇప్పుడే ఆ పిల్ల, తర్వాత నువ్వు, ఇంట్లోంచి టై కట్టుకుని వచ్చాక ముసలాయన అంది ఆమె. చేస్తే చివరి నిమిషంలో పిల్లని దింపేస్తానంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అతను ఒంగినట్టు చేసి, జేబులోని పెన్ను కొద్దిగా పైకి లాగి బటన్ నొక్కాడు. పచ్చలైటు వెలగలేదు. మళ్లీ నొక్కాడు. వెలగలేదు. పెన్ను కొన్నవాడెవడో దాన్ని ఒక్కసారైనా నొక్కి చూశాడా? చూడడు. సీటు కింద పొట్లం ఉన్న కారులో కూర్చునేది వాడి చెల్లెలు కాదుగా.

పాత పట్టీ విప్పాడు. నట్టు రెండు సార్లు వేళ్లలోంచి జారి నేల మీద పడింది. పెట్టెలోంచి కొత్త పట్టీ తీశాడు. ఇంజన్ వైపు బోల్టు చోటుని ఎమరీ పేపర్‌తో అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. బాడీ వైపు ఎర్ర పెయింట్ దళసరిగా ఉంది. దాన్ని గీకలేదు. కరెంటు పారకుండా మోటార్ చుట్లకి పూసే వార్నిష్ సీసా తీసి బోల్టుకి, వాషర్‌కి, పట్టీ చివరకి ఒత్తుగా పూశాడు.

అదేమిటని అడిగింది సెక్రటరీ. తుప్పు పట్టకుండా అన్నాడు. బోల్టు బిగించి, మీటర్ ముళ్లు రెండూ కొత్త పట్టీకే రెండు చివర్లా ఆనించి చూపించాడు. సున్నా. కరెంటు పట్టీలో ఆ చివర నుంచి ఈ చివరకి పోతుందంతే, బాడీలోకి కాదు. ఆమెకి ఆ తేడా తెలీదు. తల ఊపింది.

తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. చెల్లెలు తలుపు మీంచి మెడ చాచి చూస్తోంది. నాన్న కొట్టులో టార్చి పట్టుకుని పెరిగిన పిల్ల. పెయింట్ గీకకుండా ఎర్త్ బిగిస్తే నాన్న చేతిలో ఉన్న పానా విసిరేసేవాడు. అది ఒంట్లోకి ఎక్కిపోయింది.

"అన్నయ్యా, ఆ బోల్టు కింద..." అని ఆగింది.

"కింద ఏంటి?" అంది సెక్రటరీ.

ఫ్యూజ్ నుదుటి చెమట ముక్కు మీంచి కారుతోంది. తుడుచుకోలేదు. చెల్లెలు అతని మొహం చూసింది. బ్యాగు మీద బిగుసుకున్న గ్లవ్ చూసింది.

"కొత్త వాషర్ వేశాడు. మామూలుగా పాతదే వేసి సరిపెడతాడు, పిసినారి," అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో పెన్సిలు మాత్రం పుస్తకం మీద టకటకా కొట్టుకుంటోంది.

తొమ్మిది ఇరవై ఎనిమిదికి పెద్దాయన వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. సెక్రటరీ ఫైలు తెస్తానంటూ పదిహేను అడుగులు నడిచి ఇంటి మెట్ల పక్కనున్న స్తంభం చాటుకి వెళ్లింది. వెళ్తూ ఫ్యూజ్ చెవిలో, ఎవరు దిగినా కాలుస్తానంది. చెల్లెల్ని దింపలేదు.

"అయిందా బాబూ?" అన్నాడు పెద్దాయన.

తన జీవితంలో అంత కష్టమైన మాట ఫ్యూజ్ ఎప్పుడూ అనలేదు.

"సెల్ఫ్ కొట్టి చూడండి సార్."

పెద్దాయన చోక్ లాగి తాళం తిప్పాడు. టక్. అంతే. వార్నిష్ నిలబడింది. ఈ బండికి కాస్త ఓపిక కావాలయ్యా అంటూ పెద్దాయన తాళాన్ని అలాగే తిప్పి పట్టుకున్నాడు.

కాలిన వాసన వచ్చింది.

చోక్. చోక్ తీగ. డ్యాష్‌బోర్డు నుంచి ఇంజన్ దాకా ఇనప తీగ, లాగితే బిగిసి బాడీనీ ఇంజన్‌నీ కలుపుతుంది. దారి మూసేస్తే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది, దొరికిన దాంట్లోంచి పాకుతుంది. పదహారేళ్ల అనుభవం ఉండి అతను ఆ ఒక్కటీ మర్చిపోయాడు. ఆ తీగ ఎంత కరెంటు మోస్తే పొట్లానికి అన్ని వోల్టులు. నాబ్ చుట్టూ పొగ లేచింది. ఫ్యూజ్ నోరు తెరిచాడు. గొంతు రాలేదు. నిజంగానే రాలేదు, గాలి మాత్రం వచ్చింది.

చెల్లెలు పొగ చూసింది. రెండు చేతులతో పెద్దాయన వేళ్లు పట్టుకుని తాళం వెనక్కి తిప్పేసి, ఊడబీకి, షెడ్డు మూలకి విసిరింది. "క్షమించండి సార్," అంది.

ఫ్యూజ్ స్తంభం వైపు పరిగెత్తాడు. తూటా వస్తుందనే అనుకున్నాడు. రాలేదు. సెక్రటరీ ముడుచుకుని కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పేలుడుకి చెవులు మూసుకోవాలంటే రెండు చేతులూ కావాలి. బ్యాగు నేల మీద ఉంది. దాన్ని కాలితో తన్నేసి కానిస్టేబుళ్లని కేకేశాడు. ఈసారి గొంతు వచ్చింది.

ఎర్ర వైరు కత్తిరించి, పొట్లాన్ని తోట చివర ఇసుక బకెట్‌లో పెట్టేసరికి తొమ్మిది ముప్ఫై ఏడు. డిపార్ట్‌మెంట్ జీపులో వెళదామన్నారు కానిస్టేబుళ్లు. ఇందాకటి దాకా ఆవిడ కూడా డిపార్ట్‌మెంటేగా అన్నాడు పెద్దాయన. సీట్లోంచి కదల్లేదు.

ఫ్యూజ్ వార్నిష్ తుడిచి, పెయింట్ గీకి, బోల్టు మళ్లీ బిగించాడు. మీటర్ సున్నా చూపించింది. మూలన పడ్డ తాళం తెచ్చి పెట్టాడు. ఇప్పుడు తిప్పాలి. సీటు కింద ఏమీ లేదు, తన చేత్తో తనే తీశాడు. అయినా ఆ చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగిపోయింది. పెద్దాయన కూడా ఎటో చూస్తున్నాడు.

చెల్లెలే తిప్పింది. మొదటి సెల్ఫ్‌కే ఇంజన్ గర్జించింది.

"అమ్మకేం చెప్పమంటావు?" అంది ఆ చప్పుడులో.

"బ్యాటరీలే చెప్పు."

పదికి రెండు నిమిషాలుండగా పెద్దాయన కోర్టు మెట్లెక్కాడు. పన్నెండింటికి, రహస్యాలమ్మిన ఆ లోపలి మనిషి నిజంగానే లోపలికి పోయాడు. సాయంత్రం చీఫ్ తన చేత్తో ఫైలు మూసేస్తూ ఒకే ఒక్క వాక్యం రాశాడు: "వాహనంలో చిన్న ఎర్త్ ప్రాబ్లం. సరిచేయబడినది."