అంతా అలాగే వస్తుంది

ఆ సర్వీస్ సెంటర్లో తోటివాళ్లు అతనికి "కంగారు లేదు" అని పేరు పెట్టారు. పాడైన హార్డ్ డిస్క్ పట్టుకుని, ముఖం వేలాడేసుకుని ఎవరొచ్చినా అతని నోట మొదట వచ్చే మాట అదే. వారంటీ ఉందో లేదో చూడకముందే ధైర్యం చెప్పేస్తాడు. మంచివాడే, అందులో సందేహం లేదు. మంచివాళ్లు తొందరపడి అనే మాటలతో ఎన్ని కొంపలు మునుగుతాయో అతనికి అప్పటికింకా తెలియదు.

వాన దంచికొడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. తను తలనుంచి పాదాల దాకా తడిసింది గానీ, తువ్వాల్లో చుట్టిన డిస్కు మీద చుక్క పడనివ్వలేదు. కౌంటర్ దగ్గర నిలబడి ముందు గోడమీది బోర్డు చూపించింది.

"వారంటీ ఉన్నవి ఉచితంగా 'మర్చబడును' అని రాశారు. 'మా'కి దీర్ఘం ఎగిరిపోయింది."

"ఆ బోర్డు మూడేళ్ల నుంచి ఉందండీ. ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చదివుండరు."

టీచరా అని అడిగాడు. కాదు, ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్‌రీడరునని, తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదని చెప్పింది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, డిస్కును కౌంటర్ మీద పెట్టగానే మానేసింది.

కంప్యూటర్‌కి తగిలించి చూశాడు. లోపల టక్కు టక్కుమని కొట్టుకుంటోంది తప్ప ఏమీ తెరుచుకోవడం లేదు. నంబరు కొట్టి చూస్తే వారంటీ ఇంకా ఏడు నెలలుంది.

"కంగారు లేదు. కంపెనీకి పంపిస్తే మార్చి ఇస్తారు."

"మరి ఇందులో ఉన్నది?"

"అంతా అలాగే వస్తుందండీ."

అతని ఉద్దేశం వేరు. అదే మోడలు, అంతే సైజు, కేబులు, డబ్బా, అంతా అలాగే. రోజుకు ముప్పైమందికి చెప్పే జవాబు. ఆమె అడిగింది అది కాదని, ఆ కళ్లవైపు అంతగా చూడకపోతే అతనికి తోచేదేమో. ఆ కళ్లలో భయం పోతే ఎలా ఉంటాయో చూడాలని ఆత్రపడ్డాడు. భయం పోయింది. పొద్దస్తమానం పరాయివాళ్ల అచ్చుతప్పులు వెతికే ఆ మనిషి, అతను ముందుకు తోసిన ఫారాన్ని చదవకుండానే సంతకం పెట్టేసింది.

పన్నెండో రోజు వేరే డిస్కు కొరియర్లో ఆమె ఇంటికి చేరింది. మర్నాడు ఉదయం ఆమె దాన్ని తెచ్చి అతని ముందు పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"ఇది ఖాళీగా ఉంది."

"వేరేది కదండీ, ఖాళీగానే వస్తుంది."

"మా నాన్న గొంతు ఏది?"

అప్పుడు చెప్పింది. ఆమె తండ్రి ముప్పై ఒక్కేళ్లు కోర్టు హాలు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచే ఉద్యోగం చేశాడు. ఆయన పిలిస్తే రోడ్డవతల టీ తాగుతున్నవాడు కూడా కప్పు వదిలేసి పరిగెత్తేవాడట. గొంతుకు కేన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు పదకొండు రోజులు ఆయన చేత మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసింది. ఫోన్లో చోటు చాలక అన్నిటినీ ఆ డిస్కులోకి మార్చి, ఫోన్లోవి తీసేసింది. ఇంకో కాపీ లేదు, ఆపరేషనూ అయిపోయింది.

ఆమె ఫారం అడిగి తీసుకుని, ఈసారి ఆసాంతం చదివింది. నాలుగో లైన్లో ఉంది: పాత డిస్కు కంపెనీ సొత్తవుతుంది, అందులోని సమాచారంతో కంపెనీకి సంబంధం లేదు.

"ఇందులో ఒక్క తప్పూ లేదు," అని ఫారం వెనక్కి ఇచ్చి వెళ్లిపోయింది.

అతను కంపెనీకి పదిసార్లు ఫోన్ చేశాడు. పది ఫిర్యాదు నంబర్లు వచ్చాయి, డిస్కు మాత్రం దొరకలేదు. సెలవు పెట్టి, పదకొండు గంటలు రైల్లో కూర్చుని గోడౌనుకే వెళ్లాడు. అక్కడి స్టోర్‌కీపరమ్మకు జాలి కలిగింది కాబోలు, తనే వెతికి పెట్టింది. లోపల చెడిన భాగం మార్చారు, డిస్కు పనిచేసింది, అంతా చెరిపేశారు, ఇంకెవరికో వారంటీ కింద పంపేశారు. పోయిన మంగళవారం.

"మనం ఇచ్చేవన్నీ ఇలా బాగుచేసినవే కదా బాబూ. నీకు తెలీదా?"

తెలుసు. తెలియనిది ఒక్కటే, ఇంత బాధగా ఉంటుందని. చెరపాలంటే ముందు ఆ డిస్కు పనిచేయాలి. అంటే చెరపబోయే ముందు కాసేపు ఆ పెద్దాయన గొంతు అందులో చెక్కుచెదరకుండా ఉంది. ఆ కాసేపు వినేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. తిరుగు రైల్లో అతను కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

కంపెనీ ఒక ఉత్తరం ఇచ్చింది, సాంకేతిక కారణాల వల్ల సమాచారం పోయిందని. పోస్టులో వేస్తే సరిపోయేది. ఆదివారం పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది తండ్రే, మెడకు తెల్లగుడ్డ కట్టుకుని. అతను కూర్చోకుండానే ఇద్దరికీ చెప్పాడు.

"ఈ ఉత్తరం అబద్ధమండీ. మీరడిగింది సరిగా వినకుండా జవాబు చెప్పాను. అందులో ఉన్నది పోతుంది అని ఒక్క మాట అనుంటే మీరు ఇచ్చేవారు కాదు. పోయింది నావల్లే."

ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పెద్దాయన పలక తీసుకుని రాశాడు: తిన్నావా?

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాడు. పెద్దాయనతో చదరంగం ఆడేవాడు, మందులు తెచ్చేవాడు. మూడు వారాలు ఆమె బయటికి రాలేదు. నాలుగో వారం మంచినీళ్లు తెచ్చి, అతను రాసిన మందుల చీటీలో రెండు తప్పులున్నాయని ఎర్రపెన్నుతో దిద్ది ఇచ్చింది. ఎర్రపెన్ను చూసి అంత సంతోషపడ్డవాడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

రాసింది చదివి వినిపించే యంత్రం ఒకటి తెచ్చాడు. పెద్దాయన ఒక్కసారి విని, ఈ గొంతెవరిది, నాకొద్దు, అని రాశాడు. అప్పుడామె పలక అందుకుంది. గడ్డం పైకెత్తి, చివరి అక్షరం సాగదీసి, తండ్రి ఎలా అనేవాడో అలా చదివింది. పెద్దాయన భుజాలు కదిలిపోయేలా నవ్వాడు, చప్పుడు లేకుండా.

"మీరెప్పుడూ వినలేదు కదా," అందామె అతనితో. "నాకు గుర్తున్నంత వరకు వినండి."

అది మొదలు పెద్దాయన మాటలన్నీ ఆమే పలికేది. నీ మంత్రి పోయిందోయ్ అని ఆమె తండ్రిలా గద్దిస్తుంటే, అతనికి ఆట మీద ధ్యాస ఉండేది కాదు. ప్రేమించానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అంత పోగొట్టినవాడు ఇంకా ఏం అడగగలడు?

చలికాలం మొదట్లో జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని డాక్టరు చెప్పాడు. ఇంకెన్నాళ్లని ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం పెద్దాయన చదరంగం పక్కకు నెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు రాసి, పలక కూతురికిచ్చాడు.

ఆమె గడ్డం ఎత్తి మొదలుపెట్టింది. "బాబూ, నేను అందరినీ పిలిచానే గానీ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతున్నా. మా అమ్మాయిని..."

ఆగిపోయింది.

"నాన్నా, ఇది నేనెలా చదవను?"

ఆయన సుద్దముక్కతో పలకమీద రెండుసార్లు కొట్టాడు. ఆమె కళ్లు తుడుచుకోకుండానే, తండ్రిలాగే చివరి అక్షరం సాగదీసి చదివేసింది.

"మా అమ్మాయిని పెళ్లి చేసుకుంటావా?"

అతను లేచి నిలబడ్డాడు. ఆమె వైపు కాదు, ఆ మాట ఎవరిదో ఆయన వైపు చూసి, "చేసుకుంటానండీ," అన్నాడు.

పెద్దాయన పలక లాక్కుని తుడిచి, ఇంకో ముక్క రాసి అతనికే చూపించాడు: దాన్నడగవోయ్.

అతను తిరిగేలోపే ఆమె ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"ఇది నాన్న కాదు, నేనే అంటున్నా," అంది. "సరే."