అడగవచ్చు, పట్టుకోరాదు

1981 అక్టోబరు పదకొండు, ఆదివారం. రాత్రి మిగిలిన చేపల పులుసుతో నాలుగు దోసెలు తిన్నాడు వహాబు. పులుసు మర్నాటికే రుచి తేలుతుందని వాళ్లమ్మ బీబమ్మ ఐదో దోసె వేయబోతే, "చాలమ్మా, ఈ పొద్దు నుంచి నాకు పవరు వచ్చింది. పొట్టతో పరిగెత్తలేను" అన్నాడు.

ఆత్మకూరు పార్కుకి వహాబు గార్డు. ఆ పార్కులో చెట్లు నాటింది పంచాయతీ, కొమ్మలు విరుచుకుపోయేది ఊరు. స్టేషనుకి చెబితే, "కొమ్మ కోసం కానిస్టేబులును పంపాలా?" అని నవ్వారు. అందుకని గార్డుకే కొంచెం అధికారం ఇద్దామన్నాడు ప్రెసిడెంటు కొండలయ్య.

"లాఠీ ఇస్తే రేపటికి వాడే ఎస్సై అయిపోతాడు" అని మెంబర్లు అడ్డం తిరిగారు.

చివరికి అధికారాన్ని అన్నివైపులా కత్తిరించి, విజిలు ఒకటి, ఖాకీ చొక్కా ఒకటి ఇచ్చారు. తప్పు చేసినవాళ్లను ఆపవచ్చు. పేరు, తండ్రి పేరు, ఊరు అడగవచ్చు. పట్టుకోరాదు. ఆడవాళ్లయితే ఇంటిదాకా వెళ్లి పెద్దలకు చెప్పి రావాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విజిలు వెనక్కి ఇచ్చేయాలి.

ఆ విజిలు మొట్టమొదట మోగింది జాన్‌బీ మీద.

రాత్రి గాలికి బిక్కి చెట్టు కొమ్మ ఒకటి విరిగి వేలాడుతోంది. పచ్చ వోణీ పిల్ల ఒకతె మునివేళ్ల మీద నిలబడి దాన్ని మెలి తిప్పుతోంది.

"ఆపు! కొమ్మ విరవకూడదు!"

"విరవలా. విరిగిండాది. ఊడదీస్తా ఉండాను."

"విరిగింది కూడా పంచాయతీదే."

"అయితే పంచాయతీ వచ్చి గరిటె చేసుకుంటాదా?"

వహాబుకి నవ్వొచ్చింది. ఖాకీ చొక్కా గుర్తొచ్చి మింగేశాడు. "పేరేంది?"

"చెప్పకపోతే పట్టుకుంటావా?"

"పట్టుకోకూడదు. అడగొచ్చు, అంతే."

ఆ పిల్ల కొమ్మ వదిలేసి అతని వైపు తిరిగింది. "ఇదేం పవరయ్యా! కోరల్లేని పాముకి బుస నేర్పినట్టుండాది."

"బుస కూడా లేదు. విజిలే."

ఈసారి నవ్వింది ఆమె. నవ్వాక చెప్పక తప్పలేదు. పేరు జాన్‌బీ. నాయన రహమతుల్లా, ఉదయగిరిలో బిక్కి చెక్కతో గరిటెలు చేస్తాడు. మేనత్త హసన్‌బీకి కాలు బెణికితే సాయానికి వచ్చింది. ఇంటి పని అయ్యాక చేతులు ఊరుకోవు, చెక్క కావాలి.

"ఇంటికి పద. పెద్దోళ్లకు చెప్పాల."

దారిలో వాన పట్టుకుంది. తన గొడుగు ఆమెకిచ్చి, ఊడదీసిన కొమ్మ భుజాన వేసుకుని వెనక తడుస్తూ నడిచాడు వహాబు. టీ అంగడి ముందు ఎవరో కేకేశారు. "ఏం వహాబూ, బోణీ అయిందా? ఎవర్ని అరెస్టు చేసినావు?"

"నేనే ఈయన్ని తీసకపోతా ఉండాను" అంది జాన్‌బీ, తల తిప్పకుండానే.

హసన్‌బీ తలుపు తీసేసరికి గడపలో నీళ్లు కారుతున్న కుర్రాడు. దారి పొడుగునా వల్లించుకున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అమ్మా, నేను పార్కు గార్డుని. మీ అమ్మాయిని అడిగినాను. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ చెప్పింది. పెద్దోళ్లకి చెప్పాల గదా, అందుకని వచ్చినాను."

కొమ్మ సంగతి ఎత్తబోతుండగా తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా.

హసన్‌బీ ముఖం విచ్చుకుంది. "పిల్లని అడిగినావా! కూచో నాయనా, కూచో. తువ్వాలు తేవే జాన్‌బీ! మరి మీ అమ్మ రాలేదే?"

"ఆమెందుకమ్మా? ఇది నా డ్యూటీ."

"ఈ కాలం పిల్లకాయలు!" అని మురిసిపోతూ ఆమె సేమియా పాయసం పెట్టింది. గార్డుకి ఇంత మర్యాదా అనుకుంటూ గిన్నె ఖాళీ చేశాడు వహాబు. తెర వెనక ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న చప్పుడు మాత్రం అతనికి అర్థం కాలేదు.

ఆ తరువాత సాయంత్రాలు జాన్‌బీ పార్కు దారినే కూరగాయలకి వెళ్లేది. అది చుట్టు దారని ఇద్దరికీ తెలుసు.

"ఈ పొద్దు ఎవర్నయినా అడిగినావా?" గేటు దగ్గర నిలబడేది.

"ఒక ముసలాయన్ని. ఆకులు దూస్తా ఉంటే."

"ఆడోళ్లని?"

"లేదు."

"అడగబాక" అనేసి చరచరా వెళ్లిపోయేది. ఆమె వెళ్లిన వైపు చూస్తూ నిలబడితే మేకలు లోపలికి దూరిన రోజులూ ఉన్నాయి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉదయగిరి బస్సు దిగి రహమతుల్లా తిన్నగా పార్కుకే వచ్చాడు. రంపం, ఉలి పట్టి కాయలు కాసిన చేతులతో వహాబు భుజం తట్టాడు.

"వహాబంటే నువ్వేనా? మా పిల్లని అడిగినావంట. మా చెల్లెలు కబురు పంపింది. మగోడు దొంగచాటుగా కాకుండా నేరుగా పెద్దోళ్ల దగ్గరికి వచ్చినాడంటే నాకు నచ్చింది. చెప్పు, పెళ్లి ఎప్పుడు పెట్టుకుందాం?"

సేమియా పాయసం ఎందుకు పెట్టారో వహాబుకి అప్పుడు అర్థమైంది. ఒక్క "సరే" అంటే చాలు, జాన్‌బీ తనది. నాలిక చివరిదాకా వచ్చిందా మాట. కానీ ఎదురుగా ఉన్న పెద్దాయన కళ్లలో అంత నమ్మకం కనిపిస్తుంటే దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"చాచా... నేను ఆ పొద్దు అడిగింది ఆ అడగడం కాదు. కొమ్మ విరిస్తే పేరు అడిగినాను."

భుజం మీది చెయ్యి జారిపోయింది.

"అంటే మా పిల్ల దొంగా? మేకని బందెలదొడ్డికి తోలినట్టు ఇంటికి తోలుకొచ్చినావా? మేం పిచ్చోళ్లమై పాయసం పెట్టినామా?" "సాయంత్రం బస్సుకే పిల్లని తీసకపోతా. పోతా పోతా పంచాయతీలో కూడా చెప్పే పోతా."

విజిలు పోతుందన్న బెంగ వహాబుకి కలగనే లేదు. బస్సు పోతుందన్నదే. ఇంటికి పరిగెత్తాడు.

"అమ్మా, లే. పిల్లని అడగాల."

"ఎవర్ని రా?"

"నడస్తా చెప్తాను."

వాళ్లు వెళ్లేసరికి జాన్‌బీ సంచి గుమ్మంలో ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. బీబమ్మ ముందుకొచ్చి నోరు విప్పబోతే వహాబే అన్నాడు.

"చాచా, ఆ పొద్దు పంచాయతీ అడగమంటే అడిగినాను. ఈ పొద్దు ఎవరూ చెప్పలా. నాకు నేనే అడుగుతా ఉండాను. జాన్‌బీని నాకిస్తారా?"

రహమతుల్లా మెల్లగా అన్నాడు. "మధ్యాహ్నం ఊ అనుంటే అయిపోయేది గదరా. ఎందుకనలా?"

"అబద్ధంతో తెచ్చుకుంటే బతికినన్నాళ్లూ దానికి కాపలా కాయాల చాచా. నాకు పార్కు కాపలాకే పొద్దు చాలడం లేదు."

హసన్‌బీ ఫక్కున నవ్వింది. రహమతుల్లా నవ్వలేదు గానీ, మీసం కదిలింది. కూతురి వైపు తిరిగాడు. "మీ అత్త పొరబడిందని నీకు ముందే తెలుసా?"

జాన్‌బీ తల వంచుకుంది. "తెలుసు."

"మరి చెప్పలేదే?"

"చెపితే ఈయన మళ్లీ అడగడేమోనని."

బస్టాండు వైపు నుంచి హారను వినిపించింది. ఒకసారి, ఇంకోసారి. రహమతుల్లా కదల్లేదు. చెప్పులు విడిచి చాప మీద సర్దుకుని కూర్చున్నాడు.

"బీబమ్మా, నువ్వూ కూచో తల్లీ. హసనూ, పొయ్యి మీద ఏముండాది?"

అన్నాలయ్యాయి. పెద్దవాళ్లు రంజాను లోపా, తరువాతా అని వాదించుకున్నారు. సాయంత్రం పట్టిన వాన వెలిసింది. బీబమ్మ కొడుకు చెయ్యి ఆసరాగా పట్టుకుని బురద దాటుతూ బయల్దేరింది. లోపల రహమతుల్లా అప్పటికే గురక పెడుతున్నాడు.

తలుపు వేయబోయిన హసన్‌బీకి తన భుజం వెనక జాన్‌బీ ఊపిరి తగిలింది. పిల్ల సందు చివరికి చూస్తోంది. కాలు నొప్పి పెడుతున్నా హసన్‌బీ తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. వాళ్లిద్దరూ మలుపు తిరిగి కనుమరుగయ్యాక, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి గడియ పెట్టింది.